రాపిడి – కందెన

రాపిడి మనకు మిత్రమా, శత్రువా యని యెవరైన అడిగినచో వెంటనే సమాధానము చెప్పుట కష్టము. నేలకును పాదమునకును నడుమ రాపిడి లేకున్నచో మనము ఒక్క యడుగైనను వేయలేము. వాన వెలిసిన పిమ్మట పొలము గట్టుపై నడచిన రైతునకు ఈ సత్యమును వేఱొకరు బోధింపనక్కఱలేదు. గోడకు కొట్టిన మేకు నిలుచుటయు, కట్టిన ముడి విడిపోకుండుటయు రాపిడి చలువయే. కాని ఆ రాపిడియే బండి యిరుసును అరగదీయును, యంత్రమును వేడెక్కించును, ఎద్దుల బలమును వృథాపుచ్చును.

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అని మన సామెత. కఱ్ఱచక్రముల బండ్లు విరివిగా తిరిగిన దినములలో బండివారు ఆముదమున గడ్డిమసిని కలిపి కందెన చేసికొని, దానిని వెదురు గొట్టములో నింపి బండి క్రింద వ్రేలాడగట్టుకొనెడివారు. ఇరుసునకును చక్రమునకును నడుమ ఆ కందెన పలుచని పొరవలె నిలిచి చక్రమును సులువుగా తిరుగనిచ్చును. 1699లో అమోంటన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పారిస్ విజ్ఞాన పరిషత్తునకు రాపిడి సూత్రములను విన్నవించెను. ఒత్తిడి హెచ్చినకొలది రాపిడియు హెచ్చుననునది వానిలో ముఖ్యమైనది. ఆ సూత్రమును విననివారయ్యును మన బండివారు దాని ఫలమును ప్రతిదినము అనుభవించినవారే.

నేటి పిల్లల బండ్లు కఱ్ఱవి కావు, ప్లాస్టిక్కువి. డెన్మార్కు దేశమునందలి బిల్లుండ్ అను ఊర ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. ఆ పనిశాలయే తరువాత లెగో సంస్థ యైనది. ఒకదానినొకటి గట్టిగా పట్టుకొను నేటి లెగో ఇటుక 1958 నాటిది. 1963 నుండి దానిని ఎ.బి.ఎస్. అను ప్లాస్టిక్కుతో చేయుచున్నారు. పళ్ళచక్రములు, ఇరుసులు, రంధ్రములుగల దూలములు చేర్చి, నిజమైన యంత్రములవలె కదలు బొమ్మలను కట్టుకొను సామగ్రి 1977లో వెలువడెను.

మా మేనల్లుడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. పండుగలకు పెద్దలిచ్చిన డబ్బును మూడేండ్లు కూడబెట్టి అట్టి సామగ్రిని కొనుక్కొని, పాఠశాల విజ్ఞాన ప్రదర్శనమునకై బరువులెత్తు క్రేను నొకదానిని కట్టెను. ప్రదర్శనమునకు ముందునాటి సాయంకాలము దాని చేయి కిఱ్ఱుమని సగములో నిలిచిపోయెను. తాతగారి నోట పై సామెతను పలుమాఱులు విన్నవాడగుటచే, వాడు పరుగున పోయి కుట్టుమిషను నూనె తెచ్చెను.

నేను వారించితిని. "ఇనుమునకు మేలు చేయు నూనె ఈ ప్లాస్టిక్కునకు కీడు చేయవచ్చును. ఖనిజతైలములు తగిలినచో బిగువుగా నున్నచోట్ల కాలక్రమమున సన్నని బీటలు పుట్టగలవు. పైగా నూనెకు దుమ్ము అంటుకొని పళ్ళను అరగదీయును" అంటిని.

"అయితే నా క్రేను ఎట్లు లేచును మామయ్యా?" అని వాడు కన్నీరు పెట్టుకొనెను. ఒక్క ముక్క విరిగినను మా ఊర దొరకదని వానికి తెలియును.

మా తండ్రిగారు నలువది యేండ్లు బండి తోలినవారు. అంతవరకు మౌనముగా నున్న ఆయన క్రేనును చెవి దగ్గరకు తెచ్చుకొని పిడిని మెల్లగా త్రిప్పిరి. "బండి కిఱ్ఱుమన్నంతనే కందెన పూయరాదు నాయనా! మొదట చక్రమును లేవనెత్తి, ఎచ్చట పట్టుచున్నదో చూడవలెను. వంకర యిరుసునకు కందెన యేమి చేయును?" అనిరి.

మేము ముగ్గురము ఒక్కొక్క ఇరుసును విడివిడిగా త్రిప్పి చూచితిమి. ఇరుసు జారకుండ తొడిగిన చిన్న బిగింపు దూలమును గట్టిగా నొక్కుచుండెను. దానిని వెండ్రుకవాసి వెనుకకు జరుపగా సగము కూత అణగెను. అమోంటన్ చెప్పినదియు ఇదియే కదా! మఱియొక ఇరుసునకు తలవెండ్రుక చుట్టుకొని యుండెను. అసలు లోపము చేతి కీలులో దొరికెను. ఆ సామగ్రిలో మేకులు రెండు విధములు. నల్లని మేకుపై సన్నని గీఱలుండును; అది కదలక పట్టియుండుటకు. బూడిదరంగు మేకు నునుపైనది; అది తిరుగుటకు. పిల్లవాడు తిరుగవలసినచోట నల్లనిదానిని గ్రుచ్చెను. దానిని మార్చినంతనే చేయి చివరివరకు లేచెను. ఒక్క చుక్క నూనెయు వాడలేదు.

లోపములన్నియు తీర్చిన పిదపను ఇరుసు బిగువుగా తిరిగినచో, సాధారణముగా ఈ ప్లాస్టిక్కునకు హాని చేయని సిలికాను నూనెను పుల్లకొనతో అణుమాత్రము ఇరుసు రంధ్రమున ఉంచవచ్చును. కాని అది ప్రక్కకు ప్రాకరాదు. ఏలయన, ఆ ఇటుకలను కలిపి నిలుపునది జిగురు కాదు, రాపిడియే. అచ్చట నూనె చేరినచో పట్టు సడలును.

ఆ సామగ్రిలో ఒక రంధ్రమునకును పక్క రంధ్రమునకును దూరము 8 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ చిన్న యెడములోనే ఒకచోట రాపిడి యుండవలెను, వేఱొకచోట ఉండరాదు. అన్నిచోట్ల దానిని తొలగింపజూచువానికి మిగులునది విడిపోయిన ముక్కల కుప్ప. అన్నిచోట్ల ఉంచువానికి మిగులునది కదలని బొమ్మ. కావున బాలలారా, ఏ యంత్రము కిఱ్ఱుమన్నను నూనె సీసాను వెదకుటకు ముందు ఆ ధ్వని యెచ్చటనుండి వచ్చుచున్నదో చెవియొగ్గి వినుడు.