తాత చిప్పమీద మనమల ఇల్లు

పిల్లలూ! న్యూయార్కు నగరం అనగానే మీకు ఆకాశాన్నంటే మేడలు జ్ఞాపకం వస్తాయి గదా! కాని ఒకప్పుడు ఆ రేవు ఆలిచిప్పలకు పేరుపడింది. అక్కడ పెరల్ స్ట్రీట్ అని ఒక వీధి ఉన్నది. పెరల్ అంటే ముత్యం. ఆ వీధిలో ముత్యాలు అమ్మేవారనుకునేరు! పూర్వం అది నీటి ఒడ్డు. అక్కడ చిప్పలు గుట్టలుగా పడి ఉండటంచేత ఆ పేరు వచ్చింది.

ఆలిచిప్ప రెండు చిప్పల మధ్య బతికే మెత్తని ప్రాణి. జనం దాన్ని ఇష్టంగా తినేవారు. మన ఊళ్ళలో గుల్లసున్నం చేసినట్టే, ఆ చిప్పలను కాల్చి సున్నం చేసేవారు. కోట్లకొద్దీ చిప్పలు తీశారేగాని, తిరిగి నీటిలో వేసింది తక్కువ. దానికి తోడు నగరపు మురుగంతా రేవులో కలిసింది. చివరకు 1927లో అక్కడ ఆలిచిప్పలు పట్టటమే నిలిపేశారు.

చిప్పలు నీటిలో లేకపోతే ఏం నష్టం అంటారా? ఆలిచిప్ప పిల్ల కంటికి ఆననంత చిన్నది. రెండు మూడు వారాలు ఈది, తరవాత గట్టి వస్తువు దేనికైనా అతుక్కుపోతుంది. బురదలో పడితే చచ్చిపోతుంది. దానికి అన్నిటికన్నా అనువైన చోటు పాత ఆలిచిప్పే! అంటే, తాతల గోడమీదనే మనమలు ఇల్లు కట్టుకుంటారన్నమాట.

ఇక మన్‌హటన్ కొసన పడవ ఎక్కుదాం. కొద్ది నిమిషాల్లో గవర్నర్స్ ఐలండ్ అనే దీవి చేరతాం. అవిగో, చిప్పల గుట్టలు! హోటళ్ళలో జనం తిని వదిలేసిన చిప్పలివి. 2014లో మొదలైన బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్టు వారు వీటిని పోగుచేసి, ఏడాదిపాటు ఎండకూ వానకూ వదిలేస్తారు. అవి శుభ్రపడ్డాక తొట్లలో వేసి, ఆ నీటిలో ఆలిచిప్ప పిల్లలను వదులుతారు. ఒక్కొక్క చిప్పకు అనేక పిల్లలు అతుక్కుంటాయి. అప్పుడు వాటిని ఇనుప చట్రాలలో నింపి రేవు అడుగుకు దింపుతారు. ఆ సందుల్లో చేపలూ, పీతలూ తలదాచుకుంటాయి.

ఈ పనిలో మీవంటి పిల్లలు కూడా ఉన్నారు. దీవిలోని హార్బర్ స్కూలు విద్యార్థులు పడవ నడపటం, నీటిలో మునగటం నేర్చుకుని, ఆలిచిప్పలను పెంచుతారు. 2035 నాటికి 100 కోట్ల ఆలిచిప్పలను రేవులో నిలపాలని ప్రాజెక్టు వారి సంకల్పం.

అయితే వాటిని ఎవరూ తినరాదు! పెద్ద వాన పడితే ఇప్పటికీ మురుగు రేవులోకి వస్తుంది. మరి, తినటానికి పనికిరాని వాటిని ఎందుకు పెంచటం? పెరిగిన ఆలిచిప్ప రోజుకు 190 లీటర్ల దాకా నీటిని వడగట్టగలదు. పెద్దలు పాడుచేసిన నీటిని పిల్లలు ఆలిచిప్పల సాయంతో బాగుచేస్తున్నారు.

ఈసారి సముద్రపు ఒడ్డున మీకు చిప్ప దొరికితే, తిప్పి చూడండి. దానిమీద చిన్న ప్రాణి ఏదైనా కాపురం ఉంటే, తిరిగి నీటిలోనే వదలండి.