ఆటోనగర్‌లో ఒక సరుకు జాబితా

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పొద్దెక్కితే పక్కవాడి మాట వినపడదు. ఒకచోట లారీ బాడీకి రేకులు కొడుతుంటారు, ఇంకోచోట వెల్డింగు నిప్పురవ్వలు. 1960ల్లో మొదలైన ఈ పారిశ్రామికవాడలో కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్) మొదలు క్యాబిన్ దాకా లారీకి ఏం కావాలన్నా దొరుకుతుంది. వ్యాపారులకు కంప్యూటర్ వాడకం మీద సలహాలిచ్చే ఒకావిడ వెంట అక్కడి స్పేర్ పార్ట్స్ కొట్టొకదానికి వెళ్లాను. వర్తక సంఘాల సభల్లో ప్రసంగించడం ఆవిడ వృత్తి. సభ అయ్యాక ఏదో ఒక కొట్లో కూర్చుని పని చూడటం అలవాటు.

ఆ యజమానికి కంప్యూటర్ కొత్తేం కాదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడే ట్యాలీ పెట్టించాడు. బిల్లులు అందులోనే, రిటర్నులు అందులోనే. సరుకు విలువ యాభై వేలు దాటితే ఈ-వే బిల్లూ తీస్తారు. కానీ ఫలానా సామాను ఉందా లేదా అంటే మాత్రం గుమాస్తా పెద్దాయన్ని కేకేయాల్సిందే.

"ఏదైనా మంచి సాఫ్ట్‌వేర్ చెప్పండి మేడమ్" అన్నాడు యజమాని.

ఆవిడ దాని ఊసెత్తలేదు. సరుకుల జాబితా ప్రింటు తీయించి, ఎర్ర పెన్నుతో నాలుగు పేర్ల కింద గీతలు గీసింది: సెంటర్ బోల్టు, కమాన్ సెంటర్ బోల్ట్, సి.బోల్టు, కమాన్ బోల్టు పెద్దది.

"ఇవన్నీ ఒకటేనా బాబాయ్‌గారూ?"

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నారు. "మొదటి మూడూ ఒకటేనమ్మా. నాలుగోది టిప్పర్‌ది, మందం ఎక్కువ."

ఎవరు బిల్లు కొడితే వాళ్లకు తోచిన పేరు ఎక్కించారన్నమాట. ఒక పేరు కింద సున్నా కనపడగానే మళ్లీ ఆర్డరు పెట్టారు. అదే బోల్టు ఇంకో పేరుతో అటక మీద డబ్బాల్లో మూలుగుతోంది.

"బోల్టులకు 7318, కమాన్ కట్టలకు 7320 అని హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు ఉన్నాయిగా?" అన్నాడు యజమాని.

"అవి పన్ను కోసమండీ. మీ కొట్లో బోల్టులన్నీ ఆ 7318 కిందికే వస్తాయి. ఏ బండికి, ఎంత మందం, ఎంత పొడుగు అన్నది మీరే రాసుకోవాలి."

టీ వచ్చింది. టీ మీదే ఇంకో సంగతి చెప్పింది. కంప్యూటర్‌ను వ్యాపార లెక్కలకు మొదటగా వాడింది ఇంగ్లండులో టీ దుకాణాలు నడిపిన లయన్స్ కంపెనీ. 1951లో లియో అనే యంత్రాన్ని సొంతంగా తయారుచేయించుకుని బేకరీ సరుకు విలువ లెక్కగట్టించింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఆఫీసు పనిని కాగితాల మీద ఒక పద్ధతిలో పెట్టుకుంటూ వచ్చింది కాబట్టే, యంత్రానికి ఏం అప్పగించాలో వాళ్లకు తెలిసింది.

బేరాల మధ్య ఈ పేర్లు, కొలతలన్నీ ఎవరు రాస్తారన్నది యజమాని బెంగ. అదీ నిజమే. చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. రోజుకో ర్యాకు దించాలి, పెద్దాయన కొలత చెప్పాలి, కొట్లో కుర్రాడు టైపు చేయాలి. ఆయన చూడందే కొత్త పేరు ఎక్కించకూడదు. సాఫ్ట్‌వేర్ మాట ఆ తర్వాతే.

"ఈమాత్రం మా గుమాస్తా చెప్పలేడా మేడమ్?" అని నవ్వాడు యజమాని.

"ఎందుకు చెప్పలేరు! మీరు అడిగితేగా" అందావిడ.