అమావాస్యే మా ముహూర్తం

శుభకార్యాలకు మనవాళ్లు అమావాస్యను వదిలేస్తారు. సూపర్‌నోవాలు వెతికే మాకు అదే ముహూర్తం. వెన్నెల లేని చీకట్లోనే దూరపు గెలాక్సీలు కెమెరాకు చిక్కుతాయి. ఒక అమావాస్యకు వేల గెలాక్సీలను ఫొటో తీసిపెట్టుకుంటాం. మూడు వారాలు గడిచాక, మరో అమావాస్య వచ్చేలోపు, అక్కడే మళ్లీ తీస్తాం. కొత్తదాంట్లోంచి పాతదాన్ని తీసివేస్తే, మిగిలిన చుక్కే మా వేట. మాకు కావలసిన టైప్ 1ఏ పేలుళ్లు ఒక గెలాక్సీలో వెయ్యేళ్లకు కొన్నే. వేల గెలాక్సీలు చూస్తే మాత్రం ఒట్టి చేతులతో రాం. సాల్ పెర్ల్‌మటర్ బృందం 1990లలో చిలీలోని సెర్రో టొలోలో అబ్జర్వేటరీలో ఈ పద్ధతిని నిలబెట్టింది. మేమంతా ఆ దారినే నడిచాం.

తీసివేత అంటే తేలిక అనుకోకండి. రెండు రాత్రుల గాలి ఒకలా ఉండదు. స్పష్టంగా వచ్చిన చిత్రాన్ని కావాలనే మసకబార్చి, రెండోదానితో సమానం చేశాకే తీసివేయాలి. లేదంటే ప్రతి నక్షత్రం చుట్టూ దొంగ ఉంగరాలు మిగులుతాయి. చుక్క దొరికితే కాసేపాగి ఇంకో ఫొటో తీయండి. కదిలితే గ్రహశకలం, మాయమైతే కాస్మిక్ కిరణం. గెలాక్సీ నడిమధ్యన ఉంటే అక్కడి బ్లాక్ హోల్‌ను అనుమానించండి.

తుది తీర్పు వర్ణపటానిది. 6150 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర సిలికాన్ పల్లం ఉంటే టైప్ 1ఏ. దూరపువాటిలో ఆ పల్లం ఎరుపువైపు జరిగి ఉంటుంది. దాన్ని నేను మొదటిసారి సొంతంగా గుర్తుపట్టిన రాత్రి ఎగిరి గంతేసినంత పని చేశాను. మా గురువుగారు తెర చూసి, "రకం చెప్పావు, బాగుంది. మరి దూరమేదయ్యా?" అన్నారు.

దూరం ఒక్క రాత్రిలో రాదు. వెలుగు పెరిగి తగ్గేదాకా వారాల తరబడి కొలవాలి. ఈ పేలుళ్లన్నీ ఒకే ప్రకాశంతో ఉండవు. మెల్లగా మసకబారేవి ఎక్కువ వెలుగువి, త్వరగా ఆరేవి తక్కువవి అని 1993లో మార్క్ ఫిలిప్స్ చూపించారు. శిఖరం దాటాక 15 రోజుల్లో ఎంత తగ్గిందన్నదే మా తూకపురాయి. మారియో హమూయ్, హోసే మాజా వంటివాళ్లు దగ్గరి సూపర్‌నోవాలను ఓపిగ్గా కొలిచిపెట్టారు కాబట్టే దూరపువాటిని పోల్చగలిగాం.

ఇక సవరణలు. రెడ్‌షిఫ్ట్ 0.5 అయితే అక్కడి 20 రోజులు మనకు 30 రోజులుగా కనిపిస్తాయి. ఆ సాగుదలను ముందు తీసేయాలి. దారిలోని ధూళి వెలుగును తగ్గించడమే కాదు, ఎర్రబరుస్తుంది కూడా. అందుకే ఒక్క ఫిల్టర్‌తో సరిపెట్టకండి.

ఇంత చాకిరీ ఎందుకంటారా? 1998లో పెర్ల్‌మటర్ బృందమూ, బ్రయాన్ ష్మిట్, ఆడమ్ రీస్‌ల బృందమూ దూరపు సూపర్‌నోవాలు అనుకున్నదానికన్నా దాదాపు పావువంతు మసకగా ఉన్నాయని తేల్చాయి. విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందన్న మాట, 2011 నోబెల్, అన్నీ ఆ పావువంతు మీదే నిలిచాయి. సవరణల్లో అంత తేడా దొర్లి ఉంటే ఏదీ నిలిచేది కాదు.

ఒక్కటే నన్ను తొలుస్తోంది. సూపర్‌నోవాలతో నేటి విస్తరణ రేటు మెగాపార్సెక్కుకు సెకనుకు 73 కిలోమీటర్లని వస్తోంది; విశ్వపు తొలినాటి కాంతిని బట్టి లెక్కిస్తే 67. ఈ ముడి విప్పే పని మీ చేతుల్లో పెడుతున్నాను. కొత్త సిద్ధాంతం జోలికి వెళ్లేముందు మీ కెమెరా క్రమాంకనం మరోసారి సరిచూసుకోండి.