టెర్మినేటరూ, మన తలరాతా

సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. నేను రచయితను కాను. ఆరేళ్ళు మన హాస్టల్ అన్నం తిన్నవాణ్ణి. కాబట్టి ఇక్కడే పట్టుకున్న ఒక సినిమా పిచ్చి గురించి రాస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

1998లో సంక్రాంతి సెలవులకు ముందు రోజు రాత్రి. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. సీనియర్ అన్నలు తలా రెండు రూపాయలు వసూలు చేసి టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చారు. తెలుగు సినిమా అయ్యాక రెండో క్యాసెట్ పెట్టారు. అది జేమ్స్ కామెరాన్ 1991లో తీసిన ‘టెర్మినేటర్ 2’. ఇంగ్లీషు మాకు ముక్క అర్థం కాలేదు. పదో తరగతి అన్న ఒకాయన పక్కనుండి కథ చెప్పాడు. 1997 ఆగస్టు 29న యంత్రాలు అణుబాంబులు వేసి 300 కోట్ల మందిని చంపుతాయట. సారా అనే తల్లి, ఆమె కొడుకు జాన్, వాళ్ళను కాపాడే ఆర్నాల్డ్ కలిసి ఆ రోజు రాకుండా ఆపాలి.

“ఆ తారీఖు పోయిన ఏడే వెళ్ళిపోయింది కదన్నా!” అన్నాను. “అంటే సారా గెలిచిందిరా” అన్నాడాయన. అందరం నవ్వాం. నేను మాత్రం నమ్మాను.

ఆ సినిమాలో సారా బల్ల మీద కత్తితో విధి లేదని చెక్కుతుంది. మర్నాడు పొద్దున్నే కాంపాస్ ముల్లుతో నా ట్రంకుపెట్టె మూత లోపల ‘తలరాత లేదు’ అని గీశాను. ఎందుకంటే అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల్లో నాకు వచ్చినవి 11 మార్కులు. ఇంటికెళ్తే నాన్న ఏమంటాడో తెలుసు. అదే అన్నాడు: “మన తలరాతలో చదువు లేదురా, పనిలోకి రా.” పదో తరగతి పరీక్ష రాసే దాకా ఆగమని బతిమాలి, పెట్టె మోసుకుని తిరిగొచ్చాను. లెక్కల్లో 46తో గట్టెక్కాను.

2003లో మూడో భాగం వచ్చింది. డిగ్రీలో ఉన్నాను. ఒక పేపరు తప్పి ఉన్నాను కూడా. ఎంతో ఆశతో మొదటి వారమే వెళ్ళాను. సారా చనిపోయిందన్నారు. ఆ ప్రళయం ఆగలేదు, వాయిదా మాత్రమే పడిందన్నారు. చివరికి బాంబులు పడనే పడ్డాయి. హాలు బయటికి వచ్చాక నాకు మాట రాలేదు. నా రూమ్మేటు మాత్రం తేలిగ్గా అన్నాడు: “యుద్ధం ఆగిపోతే ఇంకో సినిమా ఎట్లా తీస్తారు?”

అతను చెప్పిందే నిజమైంది. 2009లో మళ్ళీ యుద్ధమే. 2015లో జాన్‌నే యంత్రంగా మార్చి విలన్‌ను చేశారు. 2019లో కామెరానే నిర్మాతగా తిరిగొచ్చాడని సంబరపడితే, మొదట్లోనే జాన్‌ను కాల్చి చంపారు. మేం ఊపిరి బిగబట్టి కాపాడుకున్న పిల్లవాడు! ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ సినిమాలో నాయకురాలయ్యేది మెక్సికోలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి. అది నాకు నచ్చింది. కానీ అందుకు జాన్ చావాలా?

కొత్త గ్రాఫిక్స్ బాగాలేవని కాదు నా బాధ. గెలుపును గెలుపుగా ఉండనివ్వలేదే అని. టిక్కెట్లు అమ్ముకోవడానికి మళ్ళీ తలరాతనే తెచ్చారు.

ఆ 2003లోనే సప్లిమెంటరీ రాసి ఆ పేపరు పాసయ్యాను. ట్రంకుపెట్టె ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. మా అమ్మ అందులో చీరలు పెట్టుకుంటుంది. మూత తీసినప్పుడల్లా ఆ గీతలు కనిపిస్తాయి. తమ్ముళ్ళూ, నా మటుకు ఆ కథ రెండో భాగంతోనే అయిపోయింది.