జేబులో గాలం

మొన్నటిదాకా నా చొక్కా జేబులో కనబడింది రాసే పెన్ను కాదు. మూత తీసి లాగితే గొట్టంలోంచి గొట్టం జారి వచ్చి మీటరు పొడవున సన్నటి కర్ర అవుతుంది. మడిస్తే మళ్లీ జానెడే. పక్కన బిగించుకోవడానికి కోడిగుడ్డంత గిలక ఒకటి. పేరే పెన్ రాడ్. బెంగళూరులో పనిచేసే మా అక్క కొడుకు ఉగాదికి వస్తూ తెచ్చి, "మామా, ఇంక నువ్వు వెదురుకట్టె మోసేది వద్దు" అని చేతిలో పెట్టాడు. ఏడాది వాడి చూశాను. ఆ కబురే ఇవాళ మీతో.

మాది కరువు నేల పావగడ. "పావగడలో చేపలా?" అంటారేమో. అడగాల్సిన మాటే. నిడుగల్లు కొండెక్కి కోటగోడ మీంచి చూస్తే బండలు, చెనక్కాయ చేలు, దూరంగా ఇంకో కొండ. తిరుమణి వైపు 13,000 ఎకరాల్లో సౌరఫలకాలు పరిచి 2,050 మెగావాట్ల కరెంటు తీస్తున్నారంటే మా ఎండ ఎలాంటిదో మీరే ఊహించుకోండి. కానీ మాకూ నీళ్లొస్తాయండీ. వస్తే ఒక్కసారే వస్తాయి. 2022లో వచ్చాయి చూడండి! నాగలమడిక దగ్గర ఉత్తర పినాకిని, అంటే మా పెన్న, గట్లు నింపుకుని పారింది. ఎన్నేళ్లుగానో బీళ్లుపడిన చెరువులు మరవ పారాయి. మరవ మీద నిలబడి ఆ నీళ్లను చూసి ఏడ్చిన ముసలివాళ్లను చూశాను నేను.

ఇంటి ముందే గోదావరి ఉన్నవాళ్ల సంగతి వేరు. పెద్ద గాలం గోడకు ఆనించి ఉంచుకుని, బుద్ధి పుట్టినప్పుడు తీసుకుపోతారు. మా దగ్గర ఏ చెరువులో నీళ్లున్నాయో ఆ దారిన పోయేదాకా తెలియదు. తెలిసేసరికి మనం బైకు మీదో బస్సులోనో ఉంటాం. వెదురుకట్టె ఇంట్లో ఉంటుంది. అందుకే మడిచి పెట్టుకునే గాలం మాకు ముచ్చట కోసం కాదు, అక్కర కోసం. అయితే ఏ మడతగాలం అనేదే అసలు ప్రశ్న.

పెన్ను గాలాన్ని మొదట ఒక కుంటకు తీసుకుపోయాను. వేసవికి నీళ్లు లోపలికి తగ్గాయి. ఒడ్డు నుంచి నీళ్ల దాకా పది అడుగుల బురద, దాని తర్వాత జమ్ము. ఎంత విసిరినా ఎర జమ్ములోనే పడింది. ఎందుకంటే, చెయ్యి అదే వేగంతో తిప్పినా పొడుగు కర్ర కొన ఎక్కువ దూరం తిరుగుతుంది, కాబట్టి ఎక్కువ వేగం పుంజుకుంటుంది, ఎరను దూరం తీసుకుపోతుంది. మీటరు కర్రకు ఆ ఊపు రాదు. పైగా గిలక చిన్నది. చిన్న గిలకకు చుట్టిన నైలాన్ దారం ఉంగరాలు తిరిగి అలాగే ఉండిపోతుంది. వదిలితే స్ప్రింగులాగా ఎగిరి కర్ర కొనకే చుట్టుకుంటుంది.

అక్కడ మేకలు కాసుకుంటున్న ఒక పెద్దాయన కర్రను చేతికి తీసుకుని, కొన వంచి చూసి, "ఇది ఎంత బరువు మోస్తాదప్పా?" అన్నాడు. మంచి ప్రశ్న. అర్ధకిలో జిలేబి చేప వరకు మోసింది. పొట్టి కర్రతో చేపను లాగడం చేతికి సులువే, మణికట్టు మీద భారం పడదు. అయితే పొడుగు కర్ర విల్లులా వంగి చేప గుంజుడును తాను తీసుకుంటుంది. ఇది అంతగా వంగదు. కొర్రమీను ఒక్క గుంజు గుంజితే ఆ దెబ్బంతా దారం మీదే. తెగింది కూడా. చెరువు అడుగంటి నీళ్లలో ఊపిరాడక మిగతా చేపలు చస్తుంటే, నోరు పైకెత్తి గాలి పీల్చుకుని బతికే చేప అది. మా కరువుకు తగిన చేప. దాన్ని పట్టాలంటే దానికి తగిన కర్ర కావాలి.

మరి పెన్ను గాలం దండగేనా? కాదు. దాని చోటు దానికుంది, అది నాకు బావి దగ్గర తెలిసింది. బోర్లు వచ్చాక మా దిగుడుబావులు చాలావరకు ఎండిపోయాయి. 2022 వానలకు కొన్నింట్లో మళ్లీ ఊట వచ్చింది. మెట్ల మీద కూర్చుని దారం నేరుగా కిందికి వదలాలంటే పన్నెండడుగుల కట్టె ఎదుటి గోడకు కొట్టుకుంటుంది. అక్కడ జానెడు గాలమే రాజు. ఫిన్లాండులో, కెనడాలో గడ్డకట్టిన చెరువుకు బెజ్జం వేసి, దాని పక్కన పీట వేసుకుని చేపలు పట్టేవాళ్లూ ఇలాంటి పొట్టి కర్రలే వాడతారు. మంచు బెజ్జమైనా మా బావైనా కిందికే కదా వదిలేది. అక్కడ విసిరే పనే లేదు.

ఇక నా మనసుకు నచ్చినదాని గురించి చెప్తాను. జపాన్‌లో కొండవాగుల దగ్గర టెన్కారా అనే పద్ధతి ఉంది. గిలక ఉండదు. కర్ర కొనకే దారం కడతారు. ఇప్పుడు వాడే కర్రలు ఒకదాంట్లో ఒకటి దూరేవి, లాగితే పన్నెండడుగులు, మడిస్తే మూర కంటే కాస్త ఎక్కువ. అది చూడగానే మా జేజినాయన గుర్తొచ్చాడు. ఆయన గాలమూ అంతే కదా! పన్నెండడుగుల వెదురు, కొనకు దారం, నెమలి ఈక బెండు, గాలానికి ఎర్ర. జమ్ము దాటించి ఎరను అలా నీళ్ల మీద దించేవాడు, చప్పుడుండేది కాదు. జపాను కర్రకూ మా కర్రకూ తేడా మడతే. అలాంటిదే గిలక లేని మడతకర్ర ఒకటి కొన్నాను. బైకు పక్కసంచిలో పట్టేస్తుంది. మా కుంటలకు ఇదే సరైన గాలమని గట్టిగా చెప్తాను.

గాలం మీద ఇంత మాట్లాడటం మా సీమకు కొత్తేం కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు (1126–1138) సంస్కృతంలో రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక భాగమే ఉంది. ఏ చేప ఎక్కడ తిరుగుతుందో, దేనికి ఏ ఎర వెయ్యాలో, దారం, గాలం ఎలా ఉండాలో అందులో ఉంది. జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దాని మీద వ్యాసం ప్రచురించాడు. మా కొండ మీద కోట కట్టుకుని ఏలిన నిడుగల్లు చోళులు ఆ కల్యాణికే సామంతులు. రాజుగారి పుస్తకం ఈ కొండ దాకా వచ్చిందో లేదో గానీ, ఎర విషయంలో అంత శ్రద్ధ పెట్టిన రాజంటే నాకు గౌరవం.

మడతకర్ర కొంటే నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. గొట్టాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని బిగుసుకోవడమే దాని బలం. ఇసుక దూరితే అదే దానికి చేటు. మా పెన్న అంతా ఇసుకే, అందుకని కర్రను కింద పెట్టను. ఇంటికి రాగానే అడుగున మర విప్పి, మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెడతాను. గొట్టం ఇరుక్కుంటే గుంజకండి. కర్రను నిలువుగా పట్టుకుని, అడుగును చెక్క మీద మెల్లగా తట్టండి, జారుతుంది. అన్నిటికంటే ముఖ్యం కరెంటు తీగలు. ఈ కర్రల్లో చాలావాటిలో కార్బన్ ఉంటుంది. కార్బన్‌లో కరెంటు పారుతుంది. తడిసిన గ్లాస్ ఫైబర్‌నూ నమ్మకూడదు. మా చెరువుగట్ల మీదుగా తీగలు పోతుంటాయి. పన్నెండడుగులు పైకెత్తేముందు ఒక్కసారి తల ఎత్తి చూడండి, నడిచేటప్పుడు మడిచి పట్టుకోండి. చెరువు వేలం పాడినవాళ్లు ఉంటే ముందు వాళ్లనడగండి. చేపపిల్లల్ని వదిలి వాళ్లు పెంచుకున్న చేపలవి.

పెన్ను గాలం ఇప్పుడు పక్కింటి ఎనిమిదేళ్ల పాప దగ్గరుంది. బావిమెట్ల మీద పెద్దవాళ్లు తోడుంటేనే పట్టుకోవాలని ఒప్పందం. వేలెడంత చేపపరకలు పట్టి, నాకు చూపించి, మళ్లీ బావిలో వదులుతుంది. జేజినాయన వెదురు చూరుకింద ఉంది. మడతకర్ర బైకులో.

ఈ ఏడు మరవ పారితే నాగలమడిక వైపు రండి. కర్ర నేనిస్తాను. దారం మాత్రం కొత్తది తెచ్చుకోండి. నా దగ్గరున్నది పోయినేటిది, ఎండకు పెళుసుబారింది.