అద్దానికి అటువైపు

మా అమ్మ ఎనభై ఒకటవ ఏట తులసికోట దగ్గర కాలుజారి పడింది. అది 2023 కార్తీకమాసం. తెల్లవారుజామున దీపం పెట్టి వస్తూ, మంచుకు తడిసిన నాపరాళ్లమీద అడుగు తప్పింది. తుంటి ఎముక విరిగింది. ఊరినుంచి విజయవాడకు తీసుకొనివెళ్లి ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాము. శస్త్రచికిత్స అయిన తరువాత ఆమెను ఉంచిన గదికి మూడువైపులే గోడలున్నాయి. నాలుగోవైపు నేలనుంచి కప్పుదాకా ఒకే అద్దం. నర్సులు తమ బల్ల దగ్గర కూర్చొనే రోగిని కనిపెట్టి ఉండాలన్నది ఆ ఏర్పాటులోని ఉద్దేశం. బంధువులకు లోపలికి అనుమతి రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు మాత్రమే. తక్కిన సమయమంతా నేను అద్దానికి ఇవతల ఒక ఇనుప కుర్చీలో కూర్చొని అమ్మను చూస్తూ ఉండేవాణ్ణి. ఆమె నన్ను చూస్తూ ఉండేది.

మొదటిరోజు మధ్యాహ్నం ఒక నర్సు వచ్చి గోడమీది మీట నొక్కింది. కళ్లముందున్న అమ్మ మాయమైంది. మంచం లేదు, సెలైను సీసా లేదు. అద్దమంతా పాలు పోసినట్లు తెల్లబడిపోయింది. నేను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను.

"మామ్మగారికి బట్టలు మార్చాలి సార్, ఐదు నిమిషాలు," అని చెప్పి ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మయసభ ఘట్టాన్ని నేను దాదాపు మూడు దశాబ్దాలుగా తరగతిలో పాఠం చెబుతున్నాను. స్ఫటికపు నేలను నీరని భ్రమించి సుయోధనుడు వస్త్రం ఎత్తి నడవడం, నీటిని నేల అనుకొని అందులో పడడం చెప్పినప్పుడల్లా విద్యార్థులు నవ్వుతారు. వారితోపాటు నేనూ నవ్వేవాణ్ణి. ఆనాడు ఆసుపత్రి వసారాలో నిలబడినప్పుడు మాత్రం ఆ రారాజుమీద నాకు మొదటిసారిగా జాలి కలిగింది. కన్ను చెప్పినదాన్ని నమ్మి నడిచే మనిషికి ఆ కన్నే అబద్ధం చెబితే కలిగే దిగ్భ్రమ, చూసేవారికి హాస్యమేమో గాని, పడేవానికి కాదు.

తెర మనకు కొత్తది కాదు. పెళ్లిపీటలమీద వధూవరుల నడుమ పట్టే అడ్డుతెర జీలకర్రా బెల్లం పెట్టే ముహూర్తందాకా తొలగదు. భామాకలాపంలో సత్యభామ ముందుగా తన జడను తెరమీదుగా వేసి, ఆ తరువాతనే ముఖం చూపుతుంది. కాని ఆ తెరలను పట్టుకొనే చేతులు మనకు కనిపిస్తూ ఉంటాయి. ఎవరు పట్టారో, ఎప్పుడు దించుతారో తెలుస్తుంది. ఈ అద్దపు తెరను పట్టిన చెయ్యి కనబడదు. నన్ను కలవరపెట్టింది అదే.

మరునాడు నా పూర్వవిద్యార్థి ఒకడు అమ్మను చూడడానికి వచ్చాడు. ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదివి, తరువాత ఇంజనీరై, హైదరాబాదులో పెద్ద భవనాలకు అద్దాలు అమర్చే పనిలో స్థిరపడ్డాడు. క్యాంటీనునుంచి వార్తాపత్రిక ముక్కలో పునుగులు కట్టించుకొని తెచ్చాడు. నేను అద్దం సంగతి అడిగితే, పునుగులు తినడం పూర్తయ్యేదాకా ఆగి, నూనె పట్టిన ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టాడు.

"చూడండి సార్, నూనె లేనిచోట కాగితం తెల్లగా ఉంది. నూనె అంటినచోట వెనకవైపు అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. ఎందుకంటారు?"

నాకు తెలియదన్నాను. ముప్పై ఏళ్ల క్రితం నేనడిగిన ఛందస్సు ప్రశ్నలకు అతడూ అదే సమాధానం చెప్పేవాడు.

అతడు వివరించిన విషయం ఇది. కాగితంలో ఉండే సన్నని పీచుపోగులు విడివిడిగా చూస్తే దాదాపు పారదర్శకమైనవే. కాని పోగుకూ పోగుకూ మధ్య గాలి ఉంటుంది. పోగులోనుంచి గాలిలోకి, గాలిలోనుంచి పోగులోకి దాటేటప్పుడు వెలుగు ప్రతిసారీ వంగుతుంది. అలా వేలసార్లు వంగి నలుదిక్కులకూ చెదరిపోతుంది. చెదిరిన ఆ వెలుగే మనకు తెలుపుగా కనిపిస్తుంది. గాలి ఉన్నచోట నూనె చేరితే, నూనె వెలుగును వంచే తీరూ పోగు వంచే తీరూ ఇంచుమించు ఒకటే కాబట్టి వెలుగు చెదరకుండా సూటిగా సాగిపోతుంది. అందుకే కాగితం తేటపడుతుంది. మంచు, ఉప్పు, దంచిన గాజుపొడి తెల్లగా ఉండడానికి కారణం కూడా ఈ చెదరడమే. వాటిలో తెల్లరంగంటూ ఏదీ లేదు.

ఆసుపత్రి అద్దంలో రెండు గాజుపలకల మధ్య ఒక పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొరనిండా కంటికి ఆనని బిందువులుంటాయి. ఆ బిందువులలో ఉన్నది ద్రవస్ఫటికం. అది నీరులా ప్రవహిస్తుంది, కాని దాని అణువులు స్ఫటికంలో వలె ఒక వరుసలో నిలవగలవు. పొరకు ఇరువైపులా విద్యుత్తు పారే, కంటికి కనబడని పూత ఒకటి ఉంటుంది. విద్యుత్తు పారినప్పుడు బిందువులలోని అణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి నిలుస్తాయి. ఆ స్థితిలో అవి వెలుగును వంచే తీరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సరిపోతుంది. నూనె పట్టిన కాగితం వలె అద్దం తేటపడుతుంది. విద్యుత్తు ఆగితే అణువులు తలొక దిక్కుకూ తిరుగుతాయి, వెలుగు చెదరుతుంది, అద్దం తెల్లబడుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

"అయితే తెల్లబరచడానికే గదా కరెంటు ఖర్చు?" అన్నాను, అతడు చెప్పినది సరిగా వినిపించుకోక.

"తిరగేసి చెబుతున్నారు సార్. కనబడడానికే కరెంటు కావాలి. తెల్లబడడానికి ఏమీ అక్కర్లేదు, ఆపేస్తే చాలు."

ఆ మాట నాలో చాలాసేపు మెదిలింది. దాచడానికి శ్రమ అవసరమనీ, దాచకపోతే అన్నీ వాటంతటవే కనబడతాయనీ అంతవరకూ అనుకుంటూ వచ్చాను. ఈ అద్దం విషయంలో అది తలకిందులైంది. అమ్మ నాకు కనిపిస్తున్నంతసేపూ ఎక్కడో ఏదో పనిచేస్తూనే ఉందన్నమాట.

ద్రవస్ఫటికాల కథ కూడా మసకతోనే మొదలైంది. 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్ట్రాల్‌కు సంబంధించిన ఒక పదార్థాన్ని వేడిచేశాడు. అది 145 డిగ్రీలు దాటగానే కరిగింది గాని, కరిగిన ద్రవం మసకగా ఉంది. ఇంకా వేడిచేయగా 178 డిగ్రీలు దాటిన తరువాత ఆ మసక తొలగి నిర్మలమైంది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలేమిటని అతడు ఆశ్చర్యపడి ఆటో లేమన్ అనే భౌతికశాస్త్రవేత్తకు ఆ నమూనాలు పంపాడు. అక్కడినుంచి ఆ విద్య పెరిగి పెరిగి, మన చేతి గడియారాల అంకెలలోకి, టెలివిజన్ తెరలలోకి వచ్చింది. అద్దంలో బిందువులుగా ఇమడడానికి 1980ల దశకందాకా ఆగవలసివచ్చింది. ఆ పరిశోధనలో అమెరికాలోని కెంట్ విశ్వవిద్యాలయానికి ప్రముఖ పాత్ర ఉంది.

నా విద్యార్థి తన ఫోనులో మరొక వింత చూపించాడు. టోక్యో నగరంలోని షిబుయా ప్రాంతంలో, రెండు ఉద్యానవనాలలో షిగెరు బాన్ అనే వాస్తుశిల్పి రూపొందించిన మరుగుదొడ్లు 2020లో వెలిశాయి. వాటి గోడలు రంగుటద్దాలు. లోపల ఎవరూ లేనప్పుడు అన్నీ బయటికి కనబడతాయి. శుభ్రంగా ఉన్నదీ లేనిదీ, ఎవరైనా పొంచి ఉన్నారా అన్నదీ లోపలికి వెళ్లకముందే చూసుకోవచ్చు. లోపలికి వెళ్లి గడియ వేయగానే విద్యుత్తు ఆగి గోడలు మూసుకుంటాయి. నాకు నవ్వు వచ్చినా, ఆలోచన మెచ్చదగినదేననిపించింది. అక్కడ గడియ లోపలి మనిషి చేతిలో ఉంది. 2011నుంచి ప్రయాణికులను మోస్తున్న బోయింగ్ 787 విమానాలకూ విద్యుత్తుతో మారే కిటికీలే ఉన్నాయి. వాటి ప్రక్రియ వేరు. అవి తెల్లబడవు, మెల్లమెల్లగా నీలిగా చిక్కబడతాయి. ప్రయాణికుడి పక్కన మీట ఉంటుంది గాని, విమాన సిబ్బంది తలచుకుంటే కిటికీలన్నింటినీ ఒక్కసారిగా చీకటి చేయగలరు.

నాలుగోరోజు పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచారు. గదిలోకి కాదు, అద్దం ముందరికే. ఊపిరితిత్తులలో నెమ్ము చేరిందనీ, గుండె కూడా బలహీనంగా ఉందనీ, మూడురోజులు గడిస్తేగాని ఏమీ చెప్పలేమనీ అన్నారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ అమ్మ మావైపే చూస్తోంది. ఆయన వెళ్లగానే నేను నర్సు దగ్గరికి వెళ్లి, "కాస్సేపు ఆ అద్దం తెల్లగా చెయ్యమ్మా," అన్నాను. ఆ అమ్మాయి నా ముఖం చూసి, కారణమడగకుండా మీట నొక్కింది. నేను అద్దానికి తల ఆనించి ఏడ్చాను. తరువాత ముఖం కడుక్కొని వచ్చి, మీట వెయ్యమని సైగచేసి, ఏమీ ఎరగనట్లు కుర్చీలో కూర్చున్నాను.

సాయంత్రం పది నిమిషాల అనుమతి దొరికినప్పుడు లోపలికి వెళ్లాను.

"మధ్యాహ్నం ఏడ్చావెందుకురా?" అంది అమ్మ.

"నేనా? లేదమ్మా. నీకు కట్టు మార్చాలని అద్దం..."

"కట్టు మార్చడానికి నర్సు రావద్దూ? అది తెల్లబడ్డప్పుడల్లా నా దగ్గరికి ఎవరో ఒకరు వస్తారు. ఇవాళ ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే ఉన్నాను." కాస్త ఊపిరి తీసుకొని మళ్లీ అంది: "అదీగాక, నువ్వు దానికి తల ఆనించి నిలబడ్డావు. నీడ కనిపించింది. వణికింది."

నేను ఎంత తెలివితక్కువవాణ్ణో అప్పుడు తెలిసింది. అద్దం తెల్లబడినప్పుడు వెలుగును ఆపదు, చెదరగొడుతుంది, అంతే. దూరంగా ఉన్నవి కలిసిపోతాయి గాని, దానిని ఆనుకొని ఉన్నవాటి నీడ అవతలివైపు తెలుస్తూనే ఉంటుంది. తోలుబొమ్మలాట ఆడేవారు బొమ్మను తెరకు అదిమి పట్టేది అందుకే. ఈ సూత్రం చిన్నప్పుడు మా ఊరి గుడిముందు రాత్రంతా కూర్చొని బొమ్మలాట చూసిన అమ్మకు తెలిసినంత, అద్దం గురించి అంత విని కూడా నాకు తెలియలేదు.

"డాక్టరు ఏమన్నాడు?"

నేను మాట్లాడలేదు.

"మీ నాన్నకు జబ్బని తెలిసినప్పుడూ ఇలాగే చేశారు మీరంతా. ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. మీరు దాస్తున్నారు గదా అని మేమిద్దరం ఒకరితో ఒకరం కూడా అనుకోలేదు. ఆరునెలలు, ఒక్క మాట అనుకోలేదు."

మా నాన్న 1998లో పోయారు. క్యాన్సర్ అన్న మాట ఆయన ముందు అనకూడదని మేము అన్నదమ్ములం ముగ్గురం కట్టుబాటు చేసుకున్నాము. ఆ కట్టుబాటును చక్కగా పాటించామని పాతికేళ్లుగా లోలోపల గర్వపడుతూ వచ్చినవాణ్ణి నేను. అమ్మ మంచం పక్కన నిలబడి, డాక్టరు చెప్పినదంతా దాచకుండా చెప్పాను. నెమ్ము, గుండె, మూడురోజులు. ఆమె విని, తన బీరువా తాళం ఎవరి దగ్గరుందని అడిగింది. తమ్ముడి భార్య దగ్గరుందన్నాను. "మంచిది," అని, తన గాజులు ఏ మనవరాలికి ఏవో చెప్పింది. పది నిమిషాలు అయిపోయాయి.

బయటికి వచ్చేముందు ఆమె నర్సుతో ఒక మాట అంది. "ఆ స్విచ్ నాకేమైనా అందుతుందా అమ్మాయీ?"

"అది బయట గోడకుంది మామ్మగారూ."

"అయితే నన్నడిగి నొక్కు."

ఆ అమ్మాయి మాట నిలబెట్టుకుంది. అప్పటినుంచి ప్రతిసారీ తలుపు తీసి, "వెయ్యమంటారా మామ్మగారూ?" అని అడిగిన తరువాతనే మీటమీద చెయ్యి వేసేది. అమ్మ ఒక్కోసారి "ఉండు, వీడితో ఒక మాట చెప్పాలి" అని, పెదవులు కదిపి నాకు ఏదో చెప్పేది. అద్దంలోనుంచి మాట వినపడదు. ఎక్కువగా అన్నం తిన్నావా అనే అడిగేదనుకుంటాను.

మూడురోజులు గడిచాయి. ఆ పైన మరి పన్నెండు రోజులు గడిచాయి. అమ్మ చేతికర్ర సాయంతో ఇంటికి వచ్చింది.

వచ్చిన మర్నాడు ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా వసారాలో చేరారు. అమ్మ తుంటి ఎముక సంగతి క్లుప్తంగా ముగించి, అద్దం సంగతి విస్తారంగా చెప్పింది. కరెంటు ఉంటేనే కనిపిస్తుందనీ, లేకపోతే తెల్లబడుతుందనీ నా విద్యార్థికన్నా స్పష్టంగా వివరించింది.

"మరి కరెంటు పోతేనో పిన్నీ?" అని ఎవరో అడిగారు.

"పోయిందిగా ఒకరాత్రి! జనరేటరు వేసేదాకా ఏమీ కనబడలేదు. వీడు అవతలినుంచి అద్దంమీద వేళ్లతో తట్టాడు. నేను ఇవతలినుంచి చెంచాతో మంచం ఊచమీద తట్టాను. కరెంటు వచ్చేదాకా తడుతూనే ఉన్నాం."

పక్కింటి ఆవిడ నావైపు తిరిగి, అటువంటి అద్దం వెల ఎంత ఉంటుందని అడిగింది. కనుక్కోలేదన్నాను.