కంచరగాడిదల ఊరు
కాలిఫోర్నియా అనగానే మనవాళ్లకు శాన్ హోసే, ఫ్రీమాంట్ గుర్తొస్తాయి. అక్కడ కారెక్కి తూర్పుకు ఆరేడు గంటలు పోతే, సియెరా నెవాడా కొండల వెనక, ఓవెన్స్ లోయలో బిషప్ ఉంది. నాలుగు వేలకు కాస్త లోపే జనాభా. లోయ నీళ్లను 1913 నుంచి లాస్ ఏంజెలిస్ కాలువ కట్టి తీసుకుపోతోంది. ఆ ముచ్చట ఎత్తితే ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు.

ఊరికి పేరు తెచ్చింది మాత్రం కంచరగాడిద. మే నెలాఖరులో ఇక్కడ ‘మ్యూల్ డేస్’ తిరునాళ్లు. 1969లో మొదలైంది. ఊరేగింపులో మోటారు బండన్నది ఉండదు, అన్నీ కాళ్ల బలంతో నడిచేవే.

కంప్యూటర్ చిప్పులకు పేరుపడ్డ రాష్ట్రంలో ఈ జంతువుకు ఇంత మర్యాద ఎందుకంటే, అడవులను అడవులుగానే ఉంచాలనే 1964 నాటి చట్టం వల్ల. బిషప్‌కు పడమట ఉన్న కొండలు చాలా వరకు ఆ చట్టం కిందికొస్తాయి. అక్కడ సైకిలు చక్రం కూడా తిరగకూడదు. దారికడ్డంగా మాను పడితే మామూలుగా ఇద్దరు ఎదురెదురుగా నిలబడి లాగే రంపమే దిక్కు. ఆ రంపాలూ కూలీల తిండీ కంచరగాడిదల మీదే ఎక్కుతాయి.

పైన ఉన్నది జాన్ మ్యూర్ ట్రయిల్. యోసెమిటీ నుంచి మౌంట్ విట్నీ శిఖరం దాకా 340 కిలోమీటర్లు. 1915లో మొదలుపెట్టి 1938లో ముగించారు. అయితే ఆ కనుమలు కొత్తవేం కావు. పైయూట్ జనం అంతకు ఎన్నో తరాల ముందే అటు ఉప్పు మోసి, ఇటు ఓక్ చెట్ల గింజలు తెచ్చుకున్నారు. వాళ్లు ఈ బాటను ‘నూమూ పోయో’ అంటారు, ‘మా జనం బాట’ అని.

ఆ బాట పట్టేవాళ్ల సామానూ కంచరగాడిదలే మోస్తాయి. చూడాల్సింది పొద్దున్నే సరుకెత్తే పని. ఒక్కో జంతువుకు 70 కిలోల దాకా, రెండు పక్కలా రెండు పెట్టెలు. మన పెరిక ఎద్దుల కాలం వాళ్లకు చెప్పక్కర్లేని సంగతే. ఒక్కో పెట్టెనూ త్రాసుకు వేలాడదీసి తూస్తారు. ఓ పక్క బరువెక్కువైతే ఎక్కుడులో జీను ఒరుగుతుంది, వీపు ఒరుసుకుపోతుంది. ఎలుగుబంటి తెరవలేని తిండి డబ్బాలు కూడా ఇందులోనే. పైన గుడ్డ కప్పి, తాడు అడ్డదిడ్డంగా తిప్పి బిగిస్తే మధ్యలో వజ్రం ఆకారం తేలుతుంది.

సౌత్ లేక్ దగ్గర బయల్దేరితే ఎక్కాల్సిన బిషప్ పాస్ కనుమ ఎత్తు 11,972 అడుగులు. ఆఖరి భాగం రాళ్ల మీద వంకర్లు. గుర్రమెక్కితే హాయి అనుకుంటాం గానీ, దిగుడులో మోకాళ్లు అడిగే లెక్క వేరు. నన్నడిగితే మూట కంచరగాడిదకిచ్చి మనం నడవడం మేలు. అనుకున్న సరస్సు ఒడ్డున సామాను దింపి, వాటిని తోలేవాళ్లు వెనక్కి పోతారు.

నడిచేవాళ్లందరికీ ఇది నచ్చదు. పేడ, దుమ్ము, తొక్కుడుపడ్డ పచ్చిక అని గొణుగుతారు. అందులో నిజం లేకపోలేదు. అందుకే కొన్నిచోట్ల నేల ఆరేదాకా మేతకు వదలనివ్వరు.

కంచరగాడిదల వరస ఎదురొస్తే పల్లపు వైపుకు తప్పుకుని నిలబడాలి. నోరు మూసుకుని మాత్రం కాదు. వీపున ఇంత మూటున్న ఆకారం మనిషేనని ఆ జంతువులకు తెలియకపోవచ్చు. ఏదో ఒకటి మెల్లగా మాట్లాడుతుండాలి. తెలుగైనా ఫర్వాలేదు.